‘మోకాలు నొప్పి అని చెబితే డబ్బులు ఆగిపోతాయా?’: పదిహేనేళ్ల క్రీడాకారిణి సంపాదనలో వాటా అడిగిన ఒక కేసు

నేను హైదరాబాద్‌లో పందొమ్మిదేళ్లుగా ప్రాక్టీస్ చేస్తున్న అడ్వకేట్‌ని. ఒప్పందాలు రాయడం, ఎవరో రాసిన ఒప్పందాలు చదవడం నా పని. అద్దె కాగితాలు, భాగస్వామ్య పత్రాలతో పాటు పదేళ్లుగా ఆటగాళ్ల కాంట్రాక్టులు కూడా చూస్తున్నాను. అమ్మాయి, ఆమె తల్లిదండ్రులు, డబ్బు పెట్టడానికి వచ్చిన పెద్దాయన అందరూ సరేనన్నాకే ఈ కేసు రాస్తున్నాను. పేర్లు రాయడం లేదు. ఊరు, ఒకటి రెండు గుర్తులు మార్చాను. కాగితంలోని షరతులు, అంకెలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

ఇరవై మూడు పేజీల కాగితం

రెండేళ్ల కింద ఆగస్టులో ఒక సాయంత్రం అమ్మాయి తండ్రి నారాయణగూడలోని మా ఆఫీసుకు వచ్చారు. సూర్యాపేటలో ఆయనకు ఎరువుల దుకాణం. "చిన్న కాగితం మేడమ్. మీరొకసారి చూసి సరే అంటే ఎల్లుండి సంతకాలు పెట్టేస్తం" అన్నారు. ఆ చిన్న కాగితం ఇరవై మూడు పేజీలు.

అమ్మాయికి అప్పుడు పదిహేనేళ్ల నాలుగు నెలలు, పదో తరగతి. బ్యాడ్మింటన్‌లో సింగిల్స్ ఆడుతుంది. రాష్ట్ర స్థాయి అండర్ 17లో సెమీస్ దాకా వస్తోంది. జాతీయ స్థాయిలో ఇంకా తొలి రౌండ్లు దాటడం లేదు. నాలుగేళ్లుగా తల్లీ కూతుళ్లు గచ్చిబౌలి దగ్గర ఒక సింగిల్ రూమ్‌లో ఉంటున్నారు, తండ్రి ఊళ్లో దుకాణం చూసుకుంటూ శనివారం రాత్రి బస్సుకు వస్తారు.

ఖర్చుల లెక్కంతా తల్లి ఒక లాంగ్ నోట్‌బుక్‌లో తేదీలవారీగా రాసి పెట్టారు. నెలకు కోచింగ్ ఫీజు 25,000, రూమ్ అద్దె 14,000, షటిల్ బాక్సులు, రాకెట్ గట్టింగ్ (తీగలు వేయించడం), షూస్ కలిపి 12,000, తిండికి, ఫిజియోకు 10,000, టోర్నమెంట్ల ప్రయాణాలకు సగటున 18,000. మొత్తం 79,000. ఏడాదికి తొమ్మిదిన్నర లక్షల దగ్గర. "ప్లాటు అమ్మినం. బంగారం బ్యాంకులో ఉంది. ఇంక అమ్మాలంటే దుకాణమే" అన్నారు తండ్రి.

ఈ నగరంలో ఆటకు డబ్బు ఎలా పుడుతుందో చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టోర్నీ గెలిచిన పుల్లెల గోపీచంద్ అంతటివాడే అకాడమీ కట్టడానికి ఇల్లు తాకట్టు పెట్టాల్సి వచ్చింది. సాయం అసలు లేదని కాదు. కేంద్ర ప్రభుత్వ ఖేలో ఇండియా పథకానికి ఎంపికైన పిల్లలకు శిక్షణ ఖర్చు కాక చేతి ఖర్చులకు ఏడాదికి 1.20 లక్షలు ఇస్తారు. ఒలింపిక్ పతకాల కోసం కేంద్రం నడిపే టాప్స్ పథకంలో డెవలప్‌మెంట్ గ్రూపుకు నెలకు 25,000, కోర్ గ్రూపుకు 50,000 ఇస్తారు. ఒలింపిక్ గోల్డ్ క్వెస్ట్, గోస్పోర్ట్స్ ఫౌండేషన్ లాంటి సంస్థలు పైసా వాటా అడగకుండా ఆదుకుంటాయి. కానీ ఇవన్నీ ఫలితం కనబడ్డాక వచ్చేవి. ఖర్చు మాత్రం దానికి నాలుగైదేళ్ల ముందే మొదలవుతుంది. వాటా అడిగే డబ్బు సరిగ్గా ఆ ఖాళీలోకి వస్తుంది.

ఈ కేసులో ఆ డబ్బు పెట్టడానికి వచ్చిన పెద్దాయనకు అరవై దాటాయి. సాఫ్ట్‌వేర్ కంపెనీ నడిపి, మంచి ధరకు అమ్మేసిన మనిషి. యూనివర్సిటీ జట్టుకు బ్యాడ్మింటన్ ఆడి, మంచి రాకెట్ కొనే స్థోమత లేక ఆపేశానని ఆయనే చెప్పారు. మోసం చేసే ఉద్దేశం ఆయనకు ఏ కోశానా లేదు. ఈ కేసు మంచివాడికీ చెడ్డవాడికీ మధ్య తగువు కాదు కాబట్టి ఈ మాట ముందే చెబుతున్నాను.

ఆయన ఇస్తానన్నది ఏడాదికి 8 లక్షలు, నాలుగేళ్లు, మొత్తం 32 లక్షలు. బదులుగా అమ్మాయికి 18 నిండిన రోజు నుంచి పదిహేనేళ్ల పాటు ఆమె సంపాదనలో 22 శాతం. సంపాదన అంటే ఏమిటో మూడో పేజీలో ఉంది: ప్రైజ్ మనీ, ప్రకటనలు, లీగ్ ఫీజు, ప్రభుత్వ నజరానాలు, కోచింగ్ ఆదాయం, స్పోర్ట్స్ కోటా ఉద్యోగం వస్తే దాని జీతం. 21 ఏళ్లు నిండకముందు ఆట మానేస్తే తల్లిదండ్రులు ఇచ్చిన మొత్తాన్ని 18 శాతం బారువడ్డీతో తిరిగి కట్టాలి. గాయం వల్ల మానేస్తే మినహాయింపు ఉంది, కానీ ఆ గాయాన్ని ఆయన సూచించిన డాక్టరే ధ్రువీకరించాలి. అకాడమీ మార్చాలంటే ఆయనతో ‘సంప్రదించాలి’. తన వాటాను ఆయన ఎవరికైనా బదిలీ చేసుకోవచ్చు. 18 నిండిన నెలలోపు అమ్మాయి ఇదే ఒప్పందం మీద మళ్లీ సంతకం పెట్టాలి. పెట్టకపోతే మానేసినట్టే లెక్క. అప్పటికే 2 లక్షలు అడ్వాన్స్ ఇచ్చి, తండ్రి దుకాణం ఖాతా నుంచి మూడు ఖాళీ చెక్కులు తీసుకున్నారు.

పెద్దాయన సీఏ ఏదో స్టార్టప్ పెట్టుబడి పత్రాన్ని తీసుకుని ఇందుకు తగ్గట్టు మార్చారు. తొమ్మిదో క్లాజులో ఒక చోట ‘ప్లేయర్’ అని మార్చడం మరిచిపోయారు. ‘ఫౌండర్ తన పూర్తి సమయాన్ని, శ్రద్ధను దీనికే కేటాయించాలి’ అని ఉండిపోయింది. ఆ వాక్యం కింద నేను పెన్సిల్‌తో గీత గీశాను. మార్చిలో పదో తరగతి పరీక్షలు రాయాల్సిన పిల్ల గురించి రాసిన వాక్యం అది.

నేను చేసిన పొరపాటు

తొలి రెండు మీటింగులు నేను శాతం మీద బేరం ఆడుతూ గడిపాను. 22ను 15కు, పదిహేనేళ్లను పన్నెండుకు దింపాను. తండ్రి చేతులు జోడించారు. పని బాగా చేశాననే అనుకున్నాను.

ఆ రెండు మీటింగుల్లో ఉన్నవాళ్లం తండ్రి, పెద్దాయన, సీఏ, నేను. ఆడాల్సిన మనిషిని ఒక్క మాట కూడా అడగలేదు. అసలు నా క్లయింటు ఎవరన్న సంగతి కూడా తేల్చుకోలేదు. ఫీజు ఇచ్చేది తండ్రి. నష్టపోతే నష్టపోయేది కూతురు. పైగా తండ్రి ప్రయోజనం, కూతురి ప్రయోజనం ఒకటి కాదు: డబ్బు రేపే అందితే దుకాణం నిలబడుతుంది, ఆ డబ్బుకు బదులు చెల్లించాల్సింది కూతురు, అదీ పన్నెండేళ్లు. ఆయన కూతుర్ని ప్రాణంగా చూసుకునే తండ్రి. అయినా ఈ తేడా ఉంది. ‘మీ ఫీజు కూడా నేనే ఇస్తాను’ అని పెద్దాయన అన్నప్పుడు గానీ నాకు తెలివి రాలేదు. వద్దన్నాను. ఆ రాత్రే తండ్రికి మెసేజ్ పెట్టాను: ఇక నుంచి నేను అమ్మాయి తరఫున మాత్రమే చూస్తాను, మీరు పెట్టే హామీ సంతకాలకు వేరే లాయర్‌ను చూసుకోండి, ఆదివారం అమ్మాయిని తీసుకురండి.

ఆదివారం

ప్రాక్టీస్ ముగించుకుని నేరుగా వచ్చింది. కిట్ బ్యాగు కుర్చీ పక్కన పెట్టి, నీళ్లు తాగి, మెట్లెక్కి వచ్చిన కాలును కొంచెం చాపుకుని కూర్చుంది. ట్రాక్ ప్యాంటు కింద ఎడమ మోకాలి చుట్టూ టేప్ ఉన్నట్టు గీత కనిపిస్తోంది. తల్లిదండ్రులను కాసేపు బయట కూర్చోమన్నాను.

"కాగితంలో ఏముందో చదివావా?"

"నాన్న చదివారు."

"నీకేమైనా డౌట్ ఉంటే అడుగు. ఏదైనా పర్లేదు."

చాలాసేపు వాటర్ బాటిల్ మూత తిప్పుతూ కూర్చుంది. తర్వాత అడిగింది: "ఆంటీ, మోకాలు నొప్పి అని చెబితే డబ్బులు ఆగిపోతాయా?"

ఏడు వారాలుగా నొప్పి ఉందట. పెద్దాయన తొలిసారి మ్యాచ్ చూడటానికి వచ్చిన వారం అది మొదలైంది. కోచ్‌కు చెప్పలేదు, అమ్మకు చెప్పలేదు. టేప్ తనే యూట్యూబ్ చూసి వేసుకుంటోంది. జంప్ స్మాష్ తర్వాత కాలు దింపేటప్పుడు పొడిచినట్టు ఉంటుందని, అందుకే ఈ మధ్య జంప్ తగ్గించానని, కోచ్ బద్ధకం అంటున్నారని చెప్పింది. చెప్పేటప్పుడు గొంతులో ఏడుపు లేదు, ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు చెప్పింది.

ఇంకా సంతకాలే కాలేదు. చేతికి వచ్చింది 2 లక్షల అడ్వాన్స్. అప్పటికే ఒక పిల్ల తన ఒంట్లో నొప్పిని డబ్బు లెక్కతో కొలుచుకోవడం మొదలుపెట్టింది. 22 అయినా 15 అయినా ఆ కొలత మారదు. నేను రెండు మీటింగులు దేని మీద ఖర్చు చేశానో అప్పుడు అర్థమైంది.

మర్నాడే ఆర్థోపెడిక్ డాక్టర్‌కు చూపించారు. మోకాలి చిప్ప కింద ఉండే స్నాయువు ఒత్తిడికి దెబ్బతింది, ఆటగాళ్ల భాషలో జంపర్స్ నీ. ఆరు వారాలు గెంతులు లేవు, తొడ కండరాలకు వ్యాయామాలు. రిపోర్టు కాపీ పెద్దాయనకు పంపాలా అని తండ్రి అడిగారు. వద్దన్నాను, అది అమ్మాయిది.

రిస్క్ ఎవరిది

పెద్దాయన ఒకే మాట పట్టుకుని ఉన్నారు: "అమ్మాయి పైకి రాకపోతే నా 32 లక్షలు పోయినట్టే. అంత రిస్క్ తీసుకుంటున్నప్పుడు వాటా అడగడం తప్పా?" న్యాయమైన ప్రశ్నే. అందుకే ఆయన ముందే కాగితం మీద లెక్క వేశాను.

అమ్మాయి మూడేళ్లకు, 18 ఏళ్ల వయసులో ఆట వదిలేసిందనుకుందాం. ఏటా మొదట్లో 8 లక్షల చొప్పున 24 లక్షలు ఇచ్చి ఉంటారు. నూటికి రూపాయిన్నర వడ్డీ చొప్పున 8.64 లక్షలు. తల్లిదండ్రులు కట్టాల్సింది 32.64 లక్షలు. రిస్క్ వాళ్ల దుకాణం మీదుంది.

ఇంకో లెక్క. అమ్మాయి పెద్ద క్రీడాకారిణి కాలేదు, కానీ స్పోర్ట్స్ కోటాలో 40,000 జీతంతో ఉద్యోగం వచ్చింది. మొదటి కాగితంలోని 22 శాతమంటే నెలకు 8,800. పదిహేనేళ్లకు 15.84 లక్షలు. అంటే ఆటలో ఓడిపోయి, ఆ ఓటమికి ఊరటగా దొరికిన ఉద్యోగం నుంచే ఆయన డబ్బులో సగం తిరిగి వస్తుంది. ఈ క్లాజు నాకు అన్నిటికంటే బాధ కలిగించింది. మన దగ్గర వందమంది ఆడితే ఒకరిద్దరు స్టార్లవుతారు, మిగిలినవాళ్లలో అదృష్టవంతులకు రైల్వేలోనో బ్యాంకులోనో ఒక కుర్చీ దొరుకుతుంది. పి.వి. సింధు తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ ఆడి రైల్వేలో ఉద్యోగం చేసినవాళ్లే. అలాంటి జీతం మీద నిలబడిన ఇంటి నుంచే తర్వాతి తరం ఆటగత్తె వచ్చింది. ఆ జీతం వాటాల్లోకి రాకూడదు.

పెద్దాయన ఎక్సెల్ షీటులో ఆశ కూడా ఎక్కువే. తండ్రి క్రికెటర్ సిరాజ్ కథ చెప్పేవారు: ఆటో డ్రైవర్ కొడుకు, 2017 ఐపీఎల్ వేలంలో 20 లక్షల బేస్ ధర నుంచి 2.6 కోట్లు. నిజమే, కానీ అది క్రికెట్. 2019లో మన గచ్చిబౌలిలో జరిగిన హైదరాబాద్ ఓపెన్ సూపర్ 100 బ్యాడ్మింటన్ టోర్నీ మొత్తం ప్రైజ్ మనీ 75,000 డాలర్లు. సింగిల్స్ గెలిచినవాళ్లకు అందులో 7.5 శాతం, 5,625 డాలర్లు, అప్పటి లెక్కన దాదాపు 4 లక్షల రూపాయలు. విజేతకే అంత. ఇద్దరికీ ఈ అంకె చూపించాను.

చట్టం ఎక్కడి దాకా కాపాడుతుంది

కాగితంగా చూస్తే ఈ ఒప్పందం అమ్మాయి మీద చెల్లదు. 1872 ఒప్పందాల చట్టం 11వ సెక్షన్ ప్రకారం మైనర్ ఒప్పందం చేసుకోలేరు. మోహిరీ బీబీ కేసులో 1903లో, అప్పట్లో మనకు ఆఖరి అప్పీలు కోర్టైన ప్రివీ కౌన్సిల్ మైనర్ ఒప్పందం మొదటి నుంచే చెల్లదని తేల్చింది. 18 నిండాక దాన్ని ‘ఆమోదించడం’ కూడా కుదరదు, కొత్తగా రాసుకోవాల్సిందే. ఆమె తరఫున తండ్రి సంతకం పెట్టినా లాభం లేదు. సహజ సంరక్షకులు వ్యక్తిగత హామీతో మైనర్‌ను కట్టడి చేయలేరని 1956 హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 8వ సెక్షన్ చెబుతోంది. పెద్దయ్యాక కూడా ఆటగాడిని అడ్డగోలుగా కట్టేయలేరు. జహీర్ ఖాన్‌కూ ఒక మేనేజ్‌మెంట్ కంపెనీకీ నడిచిన కేసులో 2006లో సుప్రీంకోర్టు, కాంట్రాక్టు గడువు ముగిశాక కూడా అతన్ని పట్టి ఉంచే షరతు ఒప్పందాల చట్టం 27వ సెక్షన్ కింద చెల్లదంది.

ఇదంతా చెప్పి ‘ఏం భయం లేదు, సంతకం పెట్టేయండి, ఎలాగూ చెల్లదు’ అనే లాయర్లు ఉన్నారు. ఆ సలహా నేనివ్వను. మొదటిది, అవతలి మనిషి నమ్మి డబ్బిస్తుంటే చెల్లదని తెలిసీ మౌనంగా తీసుకోవడం అన్యాయం. రెండోది, అసలు ఆయుధం ఒప్పందం కాదు, చెక్కులు. ఖాళీ చెక్కులో అంకె వేసి బ్యాంకులో వేస్తే, అది బౌన్సయితే, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 కింద తండ్రి క్రిమినల్ కోర్టు మెట్లు ఎక్కాలి. సెక్యూరిటీ కోసం ఇచ్చానంటే సరిపోదు, అలాంటి చెక్కులకూ ఆ సెక్షన్ వర్తించవచ్చని కోర్టులు చెప్పాయి. కూతురి మీద చెల్లని కాగితం తండ్రి మీద చెల్లుతుంది. నాన్న కోర్టుకు వెళ్లకూడదంటే తను ఆడుతూనే ఉండాలని కూతురికి ఎవరూ చెప్పక్కర్లేదు, అదే తెలుస్తుంది.

నాలుగో మీటింగులో, అంతవరకు నోరు తెరవని తల్లి అన్నారు: "మా మామ చిన్నప్పుడు దొర దగ్గర జీతం ఉన్నడు మేడమ్. వాళ్ల నాయన చేసిన అప్పుకు." గదిలో ఎవరూ మాట్లాడలేదు. తండ్రి తల వంచుకున్నారు, ఆ మామ అంటే ఆయన కన్నతండ్రే. పెద్దాయన ముఖం ఎర్రబడింది. చట్టం దృష్టిలో ఇది వెట్టి కాదు, ఆ పోలిక ఆయనకు అన్యాయమే. కానీ తండ్రి అప్పు, పిల్ల కష్టం అన్న ఆ ముడిని ఆవిడ గుర్తుపట్టారు. మేమంతా ఇరవై మూడు పేజీలు చదివీ గుర్తుపట్టలేదు.

మిగతా లోకంలో

వాటా అడగడమే పాపం అని నేను అనను. 1960లో రోమ్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచి వచ్చిన పద్దెనిమిదేళ్ల కాషియస్ క్లే, తర్వాతి ముహమ్మద్ అలీ, లూయీవిల్‌లోని పదకొండు మంది వ్యాపారులతో ఒప్పందం చేసుకున్నాడు. చేతికి 10,000 డాలర్లు, సంపాదనలో సగం వాళ్లకు. సగమంటే మన 22 కంటే ఎంత ఎక్కువ! కానీ ఖర్చులు వాళ్లవి, గడువు ఆరేళ్లు, అతని వాటాలోంచి 15 శాతం ట్రస్టులో వేసి 35 ఏళ్లు వచ్చేదాకా లేదా రిటైరయ్యేదాకా దాచాలని రాసుకున్నారు. శాతం ఒక్కటే చూస్తే ఆ ఒప్పందం అర్థం కాదు.

మన రోజుల్లో అమెరికా బేస్‌బాల్‌లో బిగ్ లీగ్ అడ్వాన్స్ అనే సంస్థ మైనర్ లీగుల్లోని (పెద్ద లీగ్‌కు కింది మెట్టు) కుర్రాళ్లకు ముందే డబ్బిచ్చి, పెద్ద లీగ్ సంపాదనలో వాటా తీసుకుంటోంది. ఫెర్నాండో టాటిస్ జూనియర్ వాళ్లతో సంతకం పెట్టినప్పుడు పద్దెనిమిదేళ్లవాడు. 2021లో అతనికి పద్నాలుగేళ్లకు 34 కోట్ల డాలర్ల కాంట్రాక్టు వచ్చింది. 2025లో ఆ సంస్థ మీదే కోర్టుకెళ్లాడు. అంతకుముందు 2018లో ఫ్రాన్సిస్కో మెహియా అనే ఆటగాడు కూడా కేసు వేసి, తర్వాత వెనక్కి తీసుకున్నాడు. అంత వివాదమైన ఆ ఒప్పందంలో కూడా ఆటగాడు పెద్ద లీగ్‌కు చేరకపోతే పైసా తిరిగి ఇవ్వక్కర్లేదు. ఓడినవాడిని అది వదిలేస్తుంది. నా టేబుల్ మీదున్న కాగితం ఓడిన పిల్లనూ వదలదు, దుకాణాన్నీ వదలదు. ఈ పోలిక విన్నాకే పెద్దాయన తొలిసారి పెన్ను కింద పెట్టారు.

బదిలీ క్లాజు సంగతి ఫుట్‌బాల్ చూస్తే తెలుస్తుంది. 2006లో టెవెజ్, మస్కెరానో అనే ఆటగాళ్లు ఇంగ్లండ్ క్లబ్ వెస్ట్‌హామ్‌కు వచ్చినప్పుడు వాళ్ల మీద ఆర్థిక హక్కులు బయటి కంపెనీల చేతుల్లో ఉన్నాయి. ఆ గొడవ తర్వాత 2008లో ప్రీమియర్ లీగ్, 2015 మే 1 నుంచి ఫిఫా ప్రపంచమంతటా ఇలాంటి మూడో పక్షం యాజమాన్యాన్ని నిషేధించాయి. మన పెద్దాయన తన వాటాను నలుగురు మిత్రులకు పంచుదామని ఒక పీడీఎఫ్ తయారు చేయించారు. అందులో స్మాష్ కొడుతున్న అమ్మాయి ఫొటో, కింద ‘యూనిట్ ధర’. తల్లికి చూపించకుండా అది అప్పటికే రెండు వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. తీసేయించాను. కూతుర్ని చూసి ముచ్చటపడి ఒక మనిషి డబ్బివ్వడం వేరు, ఆమె ముఖమే తెలియని మనిషి చేతిలో ఆమె యూనిట్ ఉండటం వేరు. ముఖం తెలియని మనిషి మోకాలు ఎలా ఉందని అడగడు, ర్యాంకు ఎంతని అడుగుతాడు.

నేను ఇప్పుడు ఇలాంటి కాగితం వస్తే మొదట శాతం చూడను. ఈ పిల్ల ఒక పొద్దున లేచి ‘ఇక ఆడను’ అంటే ఆ రోజు ఏం జరుగుతుందని రాసుందో ఆ పేజీ వెతుకుతాను. డబ్బు ఆగుతుందని ఉంటే అర్థం చేసుకోగలను. డబ్బు తిరిగి అడుగుతామని ఉంటే మాత్రం, అందులో కొన్నది సంపాదనను కాదు, ఆ పిల్ల ‘వద్దు’ అనే మాటను. పదిహేనేళ్ల వయసులో ఆ మాట ఖరీదు ఎంతో ఆమెకు తెలియదు, ఆమె తరఫున అమ్మే హక్కు తండ్రికి లేదు.

చివరికి కుదిరింది

"అయితే మీరు చెప్పేది దానం కదా?" అన్నారు పెద్దాయన. 18 నిండేదాకా అంతేనండీ అన్నాను. ఆయన లేచి వెళ్లిపోయారు. మూడు వారాలు ఫోన్ లేదు. ఆ మూడు వారాలు నాకు బాగా టెన్షన్‌గా గడిచాయి. ఒక పిల్ల ఆటను నా నీతి కోసం ఆపేశానా అనిపించేది. దసరా సెలవుల్లో రూమ్ ఖాళీ చేసి ఊరికి వెళ్లిపోదామని తండ్రి అన్నట్టు కూడా తెలిసింది.

తర్వాత ఆయనే వచ్చారు. మిత్రులు తప్పుకున్నారు, తను ఒక్కరే ఏడాదికి 5 లక్షలు ఇవ్వగలనన్నారు, అడ్వాన్స్ కూడా అందులోనే. ఒప్పందం లేదు. ఆయన తన తరఫున రాసిన రెండు పేజీల ఉత్తరం ఉంది: అమ్మాయికి 18 నిండేదాకా ఇస్తాను, ఎప్పుడు ఆపినా, ఎందుకు ఆపినా ఇచ్చింది తిరిగి అడగను, వైద్య రిపోర్టులు అడగను, అకాడమీ విషయంలో మాట్లాడను, దీన్ని ఎవరికీ బదిలీ చేయను. దానికి ఒక డ్రాఫ్ట్ జతచేశాం. 18 నిండాక అమ్మాయి ఇష్టమైతే, తన సొంత లాయర్‌కు చూపించుకుని సంతకం పెడుతుంది, లేకపోతే లేదు. ప్రైజ్ మనీ, ప్రకటనలు కలిపి ఏడాదికి 12 లక్షలు దాటితే, దాటిన దానిలో 10 శాతం. ఇచ్చిన మొత్తానికి ఒకటింపావు రెట్లు చేరగానే లేదా ఆమెకు 27 నిండగానే, ఏది ముందైతే అది, అక్కడితో ఆగిపోతుంది. జీతం అందులో లేదు.

ఆ రోజు ఉత్తరం చదవకముందే తల్లి చెక్కులు అడిగారు. కవరులోంచి మూడూ తీసి, దుకాణం చెక్‌బుక్ కౌంటర్‌ఫాయిల్ మీది నంబర్లతో ఒక్కొక్కటిగా సరిచూసి, అడ్డంగా చింపి, ముక్కలు హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నారు. తర్వాత ‘ఇప్పుడు చదవండి మేడమ్’ అన్నారు.

దీనికి అమ్మాయి మూల్యం కట్టింది, అది దాచకూడదు. ఏడాదికి అవసరమైన దానిలో సగం మాత్రమే వచ్చింది. రూమ్ ఇంకా చిన్నదానికి మారారు. దూరపు టోర్నమెంట్లు మానుకోవడంతో ర్యాంకింగ్ పాయింట్లు తగ్గాయి. బ్యాంకులో బంగారం ఇంకా బ్యాంకులోనే ఉంది. పాత ఒప్పందం కుదిరి ఉంటే ఆమె ఆట ఈపాటికి ఇంకో మెట్టు పైన ఉండేదని కోచ్ అన్నారట. ఉండేదేమో. మోకాలు మాత్రం ఆరు వారాలు అనుకున్నది పదకొండు వారాలకు కుదుటపడింది, ఆ పదకొండు వారాలూ ఆమె ఎవరికీ ఏమీ దాచలేదు.

ఇప్పుడు ఆమెకు పదిహేడేళ్ల నాలుగు నెలలు. ఆడుతోంది. ఇంకో ఎనిమిది నెలల్లో 18 నిండుతాయి. పుట్టినరోజు ఏ తేదీ అని పెద్దాయన నెల కింద నాకు ఫోన్ చేశారు. ఆమే మీకు చేస్తుందని చెప్పాను.

పోయిన వారం ఆమె ఒక్కతే మెట్రోలో వచ్చింది. డ్రాఫ్ట్ జిరాక్స్ కాపీ మడతలు పడి, అంచులు నలిగి ఉంది. రెండు చోట్ల పెన్సిల్‌తో రాసుకుంది. ఒకటి, స్కాలర్‌షిప్ వస్తే అది 12 లక్షల లెక్కలోకి వస్తుందా. రెండోది, ఆట ఆపేసి కోచ్‌గా చేరితే ఆ డబ్బు ఇందులోకి వస్తుందా. రెండూ రావు, కానీ డ్రాఫ్ట్‌లో ఆ మాట స్పష్టంగా లేదు, తప్పు నాది. రెండు వాక్యాలు చేర్చి కొత్త కాపీ ఆమె మెయిల్‌కే పంపాను.